వ్రాతపనియు లోకవిపణియు

తెలుగుభాషయందు ‘వ్రాయు’ ధాతువు రెండు పనులకు చెల్లును. అక్షరమును వ్రాయుదురు, బొమ్మను వ్రాయుదురు. చిత్తరువు వ్రాసెనను ప్రయోగము కావ్యములయందు విరివిగా కానవచ్చును. శ్రీకాళహస్తి పనివారు వస్త్రముపై కలముతో దేవతామూర్తులను తీర్చు తమ విద్యను ‘వ్రాతపని’ యనియే వ్యవహరించిరి. నేడు లోకమున ప్రసిద్ధమైన ‘కలంకారీ’ యను పేరు పారసీకభాషనుండి వచ్చినది. కలముతో చేయు పని యని దాని యర్థము. రెండు పేర్లకును భావ మించుమించుగా నొక్కటియే. అయినను తెలుగు పేరు పనిలోని వ్రాతను చెప్పుచున్నది; పారసీకపు పేరు పనిముట్టును చెప్పుచున్నది. మొదటిపేరు పనివాని యింట నిలిచినది. రెండవది ఓడలెక్కి దేశదేశములు తిరిగినది. ఈ రెండు పేర్ల నడుమనే ప్రపంచీకరణమునకును ప్రాచీనసంస్కృతికిని గల సంబంధము సంగ్రహముగా నిమిడియున్నది.

ప్రపంచీకరణము వర్ధమానదేశముల సంస్కృతిని నాశనము చేయుచున్నదని కొందరు వాదింతురు. అది మృతప్రాయములైన కళలకు ప్రాణము పోయుచున్నదని మరికొందరు వాదింతురు. ఇరువురును సంస్కృతిని విడదీయరాని యొక ముద్దగా భావించి, అది బ్రదికినదా చచ్చినదా యని మాత్రమే విచారింతురు. వస్తుస్థితి యట్లు లేదు. లోకవిపణి యొక కళను పూర్తిగా చంపుటయు అరుదు, పూర్తిగా బ్రదికించుటయు అరుదు. అది కళలోని యొక యవయవమును గ్రహించి మరియొక యవయవమును విడిచిపెట్టును. ఏది గ్రహించినది, ఏది విడిచినది, ఏల విడిచినది యనునదియే విమర్శకునకు విచారణీయము. కలంకారీ వ్రాతపని, చేర్యాల పటము, తోలుబొమ్మలాట యను మూడు తెలుగు కళలను పరిశీలించినచో ఈ విషయము స్పష్టపడును. మూడింటియందును రూపము, వాక్కు అని రెండంగములు గలవు. మూడింటియందును లోకము రూపమును కొనినది, వాక్కును కొనలేదు.

మొదట నొక భ్రమను తొలగింపవలసి యున్నది. పరదేశపు వర్తకము నిన్న మొన్న వచ్చినది కాదు. కృష్ణాతీరమున మచిలీపట్టణము గోలకొండ సుల్తానుల కాలమున గొప్ప రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. పిమ్మట ఫ్రెంచివారును వచ్చిరి. అంతకుమున్నే పారసీక వర్తకులు అద్దకపు వస్త్రములను తమ దేశమునకు కొనిపోవుచుండిరి. ఆ తీరపు టిసుకనేలలలో పెరుగు చిరివేరునుండి వచ్చు ఎరుపు ఉతికినకొలది కాంతి హెచ్చునని ఖ్యాతి గాంచినది. తూర్పుదీవులయందు సుగంధద్రవ్యములు కొనుటకు నాణెముకంటె ఈ వస్త్రములే మిక్కిలి పనికివచ్చెను. పారసీకులకు వలసినది పారసీకుల రుచి ననుసరించియు, సయాముకు వలసినది సయాము రుచి ననుసరించియు, ఐరోపావారికి వలసినది వారంపిన నమూనాల ననుసరించియు తెలుగు పనివారు తయారు చేసిరి. కావున విపణికై పని మార్చుకొనుట పనివానికి క్రొత్త కాదు.

ఆ వస్త్రముల యాదరణ యెంతటిదన, వానికి భయపడి రాజ్యములే శాసనములు చేసికొనినవి. 1686లో ఫ్రాన్సు అద్దకపు వస్త్రముల దిగుమతిని, తయారీని నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు నిలిచెను. ఇంగ్లండు 1700లో నొకటి, 1721లో నింతకంటె కఠినమైన మరియొకటి శాసనములు చేసెను. స్వదేశపు ఉన్ని, పట్టు నేతగాండ్రను రక్షించుటయే వాని యుద్దేశము. స్వేచ్ఛావాణిజ్యమును తరువాతి కాలమున లోకమునకు బోధించిన దేశములే మొదట ఇట్లు తలుపులు మూసికొనిన వనుట మరువరానిది. తలుపులు మూసికొని వారు ఊరకుండలేదు, పని నేర్చుకొనిరి. 1742లో ఫాదర్ కూర్దూ అను ఫ్రెంచి జెసూటు మతగురువు, తాను క్రైస్తవమున చేర్చిన అద్దకపు పనివారిని అడిగి తెలిసికొని, వస్త్రమును పాలతోను కరక్కాయతోను సిద్ధపరచుట మొదలు పటికతో ఎరుపును నిలుపుట వరకును గల క్రమమును లేఖారూపమున స్వదేశమునకు వ్రాసి పంపెను. ఈతడు తెలుగు నేర్చిన పండితుడు. సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును గుర్తించిన తొలివారిలో నొకడు. అట్టి భాషావేత్తయు ఆ లేఖయందు విపులముగా వర్ణించినది రంగుల క్రమమునే. స్వదేశమువారికి వలసినది యదియే. 1783లో గుండ్రని రాగి దిమ్మెలతో అచ్చువేయు యంత్రము ఇంగ్లండున పుట్టినది. 1869లో చిరివేరు ఎరుపునకు మారుగా రసాయనశాలలో చేసిన అలిజరిను విపణికి దారితీసినది. 1897లో కృత్రిమపు నీలిమందు జర్మనీనుండి వెలువడినది. మచిలీపట్టణపు అద్దకము క్షీణించినది.

ఈ చరిత్రనుండి గ్రహింపదగిన యంశములు రెండు. మచిలీపట్టణపు పనిని చెరచినది పరదేశసంపర్కము కాదు. ఆ సంపర్కముననే అది పెరిగినది. చెరచినవి బలవంతుల శాసనములును, యంత్రమును, పాలకుల యుపేక్షయును. ఇది మొదటిది. రెండవది యింతకంటె ముఖ్యము. మచిలీపట్టణపు వస్త్రములపై నుండునవి పూలు, తీగెలు, పక్షులు, కొమ్మలు చాచిన వృక్షములు. వానికి భాష లేదు. పారసీకపు తీగె తెలుగు దిమ్మెపై చెక్కబడినను, తెలుగు పువ్వు ఐరోపా రాణివాసపు తెరపై విరిసినను అర్థహాని లేదు. మారుటయే దాని స్వభావము గనుక మారియు అది తన స్వరూపమును పోగొట్టుకొనలేదు. నేటికిని పెడనయందును పరిసరములందును టేకు దిమ్మెలతో అద్దకము సాగుచున్నది. దానికి గల శత్రువు పరదేశపు రుచి కాదు. దాని రూపును దొంగిలించి, కరక్కాయయు చిరివేరును లేక, కృత్రిమపు రంగులతో క్షణములో అచ్చువేసి అదే పేరున అమ్ము యంత్రపు బట్ట. ఆ నష్టము వాణిజ్యసంబంధమైనది. గొప్పదే కాని దాని స్వభావము తేటతెల్లము.

శ్రీకాళహస్తి వ్రాతపని సంగతి వేరు. అది పువ్వుల బట్ట కాదు, కథల బట్ట. పూర్వపు పటములందు నడుమ పట్టాభిషేకమో కల్యాణమో పెద్దదిగా నుండును. దానిచుట్టును వరుసలు వరుసలుగా కథాఘట్టములు చిన్న గళ్లలో నడచుచుండును. బొమ్మల వరుసలను ఆనుకొని సన్నని పట్టీలలో తెలుగులిపిలో ఘట్టవివరణము వ్రాయబడి యుండును. చూపరి ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి, గ్రంథమును చదివినట్లు పటమును చదువవలెను. బొమ్మను తీర్చిన కలమే అక్షరమును తీర్చినది. వెదురుపుల్లకు చుట్టిన గుడ్డ పీల్చిన అదే కసిమి, ఇనుపముక్కలు బెల్లపునీటిలో నూరినందున పుట్టిన ఆ నలుపే, రాముని కనుబొమ్మయు రామనామములోని రేఫమును అయినది. లండను నగరపు విక్టోరియా–ఆల్బర్టు ప్రదర్శనశాలయందు 19వ శతాబ్దిలో సేకరించిన ఇట్టి రామాయణ పటములను నేటికిని చూడవచ్చును. ఆలయములందు ఉత్సవవేళల దీనిని వ్రేలాడదీసినపుడు అక్షరజ్ఞుడు పట్టీలను చదివి వినిపించును, నిరక్షరుడు బొమ్మలను చూచి తలయూపును. ఇది పుస్తకమా, చిత్రమా యని ప్రశ్నించుటకే యవకాశము లేదు; ‘వ్రాత’ యను నొక్కమాట రెంటికిని సరిపోయినది.

20వ శతాబ్ది పూర్వార్ధమున ఈ పని యడుగంటినది. 1952లో నేర్పడిన అఖిలభారత హస్తకళల మండలి యధ్యక్షురాలై కమలాదేవీ చటోపాధ్యాయ దేశమున పెక్కు చేతిపనులను ఉద్ధరించినట్లే దీనిని ఉద్ధరించుటకు పూనుకొనినది. ఆ దశకపు తుదిభాగమున శ్రీకాళహస్తియందు శిక్షణకేంద్రము వెలసినది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అచ్చట విద్య నేర్పెను. ఆయన కుమారుడు గురప్పసెట్టి 2008లో పద్మశ్రీ పురస్కారము నందెను. పని నిలిచినది. మునుపు కొలది యిండ్ల మగవారికే పరిమితమైన కలమును నేడు స్త్రీలు పెక్కురు పట్టియున్నారు. పట్టణములందును విదేశములందును కొనువారు పెరిగిరి. ఇదియంతయు శ్లాఘ్యమే.

అయినను నేటి పనిని విమర్శకదృష్టితో పరిశీలించినచో ఒకటి కనబడకపోదు. నేడు విరివిగా అమ్ముడుపోవునవి చీరలు, పైటబట్టలు, దిండుగలీబులు, గోడకు తగిలించు చిన్న పటములు. చీరకొంగుపై బుద్ధుని ముఖమో, వేణుగోపాలుని నిలువెత్తు రూపమో, నెమలియో, వృక్షమో ఉండును. కథావరుస లేదు. పట్టీ లేదు, పట్టీపై తెలుగు లేదు. వరుసనుండి విడివడిన రాముడు ఏ ఘట్టపు రాముడో తెలియదు. అడవికి పోవువాడా, తిరిగివచ్చిన వాడా? పూర్వపు పటమున పక్కగడిలోని కైకయును, క్రింది వరుసలోని సేతువును ఆ ప్రశ్నకు బదులు చెప్పుచుండెను. ఇపుడు మిగిలినది అందము మాత్రమే. అందము తక్కువ వస్తువు కాదు. కాని కథనశిల్పము వేరు, అలంకారశిల్పము వేరు. కావ్యమునుండి ఒక వర్ణనపద్యమును తీసి పట్టుబట్టపై కుట్టిన యెడల ఆ పద్యము చెడదు. కావ్యము మాత్రము అక్కడ లేదు.

తెలంగాణమున చేర్యాల పటము గతియు నిట్టిదే. అచ్చటి నకాషీలు ఖద్దరుబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, గట్టిపరచి, ఎర్రని నేలపై కులపురాణములను వ్రాసెడివారు. పటము మూరెడు వెడల్పుతో తుదముట్టునది కాదు. సుమారు మూడడుగుల వెడల్పును, నలువది యరువది యడుగుల పొడవును గల చుట్ట. దానిని వ్రాసినవారు కథ చెప్పెడివారు కారు. వ్రాయించుకొనిన కథకులు వేరు: పద్మశాలీలకు మార్కండేయ భావనాఋషుల కథ చెప్పు కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు. ఊరూరు తిరిగి, పటమును కొంచెము కొంచెముగా విప్పుచు, రాత్రులు రాత్రులు కథ సాగించెడివారు. పటమునకు ప్రాణము కథకుని కంఠమున నుండెను. వ్రాసిన నకాషీకి బొమ్మ తెలియును, చెప్పు కథకునకు మాట తెలియును, వినువానికి తన వంశము తెలియును. ముగ్గురు కలిసిననే కళ పూర్ణమగును.

నేడు చేర్యాలలో కొలది కుటుంబములు ఈ పనిని నిలుపుకొని వచ్చుచున్నవి. వారు వ్రాయుచున్నవి యెక్కువగా చట్టములలో నిముడు చిన్న పటములు, గోడకు తగిలించు ముఖములు, బొమ్మలు, పల్లెజీవితపు దృశ్యములు. కల్లు గీయుట, వరి నాటుట, బోనాలు, బతుకమ్మ: ఇవి కొనువానికి వ్యాఖ్య లేకయే తెలియును. కులపురాణపు చుట్టను అడుగువారు అరుదు. అడుగువారు లేరు గనుక వ్రాయుట తగ్గినది. వ్రాయించుకొను కథకుడు తగ్గెను గనుక కథ తగ్గినది. బొమ్మ విపణికెక్కినది, కథకుడు ఊరిలో మిగిలిపోయెను. నకాషీకి దొరికిన క్రొత్త పోషకుడు కథకునకు దొరకలేదు. ఏల యనగా, పటమును హైదరాబాదులో కొని అమెరికాకు పంపవచ్చును. రాత్రంతయు సాగు తెలుగుకథను పెట్టెలో పెట్టి పంపుట సాధ్యము కాదు, పంపినను అచ్చట దానిని విప్పి చదువువారు లేరు.

మూడవది తోలుబొమ్మలాట. రాయలసీమయందు ఈ ఆటగాండ్రు పలువురు ఇంటిలో మరాఠీ కలిసిన నుడిని మాటలాడుచు, తెరవెనుక తెలుగు ద్విపదను పాడెడివారు. గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దిలో రచించిన రంగనాథరామాయణము వారికి నోటి కొసనుండునది. పండితుడు తాటాకులలో దాచినదానిని వీరు చమురుదీపపు వెలుగులో వేలమందికి వినిపించిరి. కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించుట, రావణుడు వచ్చి భయపెట్టుట, పొద్దుపొడుచువేళకు యుద్ధము ముగియుట పూర్వపు పల్లెలకు తెలిసిన యనుభవము. పరభాషాకుటుంబములు తెలుగుకావ్యమును తరతరములు మోసినవనునదే సంస్కృతి యనునది ఎల్లలు కట్టుకొని బ్రదుకునది కాదనుటకు ప్రబలమైన సాక్ష్యము.

ఆటకు పిలుచువారు సినిమా వచ్చినంతనే తగ్గిరి. టెలివిజను వచ్చిన పిదప మరియు తగ్గిరి. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట గ్రామమునందలి కుటుంబములు ఆ తోలునే, ఆ రంగులనే, ఆ ఉలిచిల్లులనే దీపపు గొడుగులకును గోడ యలంకారములకును వినియోగించి బ్రదుకుతెరువు కల్పించుకొనినవి. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ వచ్చినది. దీపపు గొడుగు విషయమున ఒక విచిత్రము కలదు. పూర్వమును బొమ్మ వెనుక దీపముండెను. ఇప్పుడును దీపము బొమ్మ వెనుకనే యున్నది. వెలుగు ఆ చిల్లులగుండ ఆనాటివలెనే రాలుచున్నది. కదలికయు కంఠమును మాత్రము లేవు. కళ యొక్క భౌతికసామగ్రి యంతయు చెక్కుచెదరక నిలిచియుండగా కళ మాత్రము తొలగిపోవుట సాధ్యమనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకదు.

ఈ మూడు దృష్టాంతములను కలిపి చూచినచో ఒక సూత్రము తేలుచున్నది. పూర్వపు పోషకునకును నేటి కొనుగోలుదారునకును గల భేదము ధనములోనిది కాదు; భాషలోనిది. పోషకుడు కథ తెలిసి పటమును కోరెను. కొనుగోలుదారుడు పటమును చూచి ముచ్చటపడును. కథ అతనికి తెలియవలసిన పని లేదు. కంటికి భాష లేదు గనుక రూపము ఎల్లలు దాటును. చెవికి భాష యున్నది గనుక వాక్కు దాటలేదు. కావున లోకవిపణి ఎవరి దురుద్దేశమును లేకయే, తన స్వభావముచేతనే, ప్రతి సంస్కృతినుండియు కంటికింపైన దానిని ఏరుకొని చెవికింపైన దానిని వదలును. వ్రాతపనిలోని బొమ్మను కొని వ్రాతను విడుచును. నష్టపోవునది ముందుగా చిన్న భాషలలోని మౌఖికసాహిత్యము; అందును వ్రాతప్రతి యెరుగని కులపురాణములు, ద్విపదల పాటాంతరములు, ఆటగాండ్ర హాస్యోక్తులు.

ఇచ్చట పూర్వపక్షము కలదు. నకాషీ పస్తులుండి చుట్టలు వ్రాయవలెనా? ఆటగాడు పిలువని పల్లెలకు పోయి ఆడవలెనా? పూర్వపు పోషకత్వము కులవ్యవస్థతో ముడివడినది. కథకుడు దాతృకులమునకు ఆశ్రితుడై వారి వాకిట చేయిచాచి నిలిచినవాడు. వాని కుమారుడు చదువుకొని ఉద్యోగమునకు పోయిన యెడల సంస్కృతి నశించెనని విలపించుట చదువరుల విలాసము కాదా? బుద్ధుని ముఖమును చీరపై వ్రాసి తన బిడ్డలను బడికి పంపు స్త్రీకి పట్టీలోని తెలుగు లేదని తప్పుపట్టుట న్యాయమా? మరియు కళ యేనాడు మారలేదు? మచిలీపట్టణము మారి బ్రదికినది గదా!

ఈ పూర్వపక్షము బలమైనది. దీనిలో ప్రథమభాగమును సంపూర్ణముగా నంగీకరింపవలెను. పనివాని దారిద్ర్యముపై నిలుచు సంస్కృతి నిలువదగినది కాదు. చీర వ్రాయుటలో తప్పు లేదు. దీపపు గొడుగు చేయుటలో తప్పు లేదు. కాని చివరి హేతువు చెల్లదు. మచిలీపట్టణపు తీగె మారియు తీగెయే. కథ కథ కానిదిగా మారినపుడు దానిని మార్పు అనుటకంటె లోపము అనుట యుక్తము. రెండవ సంగతి: దోషము పనివానిది కాదనినంతమాత్రమున దోషమే లేదని తేలదు. అది యెవ్వరిదో వెదుకవలెను.

దోషమున ప్రధానభాగము అక్షరజ్ఞులది. పటమును చేతిపనుల శాఖకు అప్పగించిరి. దానిపై వ్రాసిన తెలుగును సాహిత్యముగా లెక్కింపలేదు. ఆటగాని ద్విపదను వినోదమనిరి. పాఠాంతరముగా పరిశీలించినవారు కొలదిమంది. పూనుకొనినపు డేమి సాధ్యమో చూపిన మహనీయులు లేకపోలేదు. 1911లో అక్కిరాజు ఉమాకాంతము పల్నాటి వీరచరిత్రమును ప్రకటించి, వీరవిద్యావంతుల నోట నిలిచిన కథకు విద్వల్లోకమున స్థానము కల్పించెను. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయములను పరిశోధించి విశ్వవిద్యాలయములకు దారి చూపెను. తంగిరాల వెంకటసుబ్బారావు కాటమరాజు కథలను సేకరించి పరిష్కరించెను. ఈ కృషిచేత ఆ కథలు నిలిచినవి. గాయకులు తగ్గినను వాక్కు పూర్తిగా పోలేదు. ఇట్టి కృషి పటముల పక్షమున తగినంత జరుగలేదు. పటమును కొని ప్రదర్శనశాలలో నుంచిరి. దానిని విప్పుచు చెప్పిన మాటను, గడి గడికి సరిపోల్చి, బొమ్మతో కూడ దాచుట అరుదు. మాట లేని చుట్ట కొంతకాలమునకు ఎవరి కథయో తెలియని బొమ్మల వరుస యగును.

పాలకుల రక్షణయు ఇదే లోపమును కలిగియున్నది. 1995లో ప్రపంచవాణిజ్యసంస్థ వెలసినపుడు దానితోకూడ మేధాసంపత్తి యొడంబడిక వచ్చినది. ఆ యొడంబడిక ననుసరించి భారతదేశము 1999లో భౌగోళిక సూచికల శాసనము చేసి, 2003నుండి అమలుపరచెను. శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్టణపు కలంకారీ, చేర్యాల పటములు, ఆంధ్ర తోలుబొమ్మలు ఈ రక్షణను పొందినవి. పరాయివాడు ఆ పేరు పెట్టి అమ్మరాదనుటకు ఇది యొక యాధారము. గ్రహింపదగినదేమన, ఈ శాసనము సరకును, సరకు పుట్టిన చోటును, చేయు పద్ధతిని కాపాడును. కథ సరకు కాదు. కథకునకు ఇందు స్థానము లేదు. ప్రపంచీకరణము తన గాయమునకు తానే మందు తెచ్చినది గాని ఆ మందు కంటికి కనబడు గాయమునకు మాత్రమే. మౌఖికసంప్రదాయములను అదృశ్యవారసత్వమని గుర్తించు ఒడంబడికను యునెస్కో 2003లో రూపొందించినది. భారతదేశము 2005లో దాని నంగీకరించినది. ఈ రెండవ యొడంబడిక మొదటిదానికంటె కళాతత్త్వమునకు సన్నిహితమైనది; విపణికి దూరమైనది గనుక దాని శక్తి స్వల్పము.

చేయదగిన పని గొప్ప ధనముతో కూడినది కాదు. ప్రదర్శనశాలలందలి పటములపై తెలుగు పట్టీలను ఉన్నవి ఉన్నట్లు ఎత్తివ్రాసి ముద్రింపవలెను; వానిలోని వర్ణక్రమము, మాండలికపదములు భాషాచరిత్రకును ఉపకరించును. మిగిలిన కథకులచేత చుట్టలను విప్పించి, కథ చెప్పించి, ధ్వనిని చిత్రమును కలిపి నిలుపవలెను. చేతిలో నిముడు యంత్రముతో ఇంటింట ఇది సాధ్యమగు కాలమిది. అట్లు నిలిపిన దానిపై కథకునకు పేరును పైకమును దక్కవలెను. లేనియెడల ఫాదర్ కూర్దూ కాలపు దానమే మరల జరిగినట్లగును: ఇచ్చినవారి పేరు పోయి విద్య మాత్రము తరలిపోవును. శిక్షణకేంద్రములందు కలము పట్టుట నేర్పునపుడు పట్టీ వ్రాయుటయు నేర్పవలెను. రామాయణమును వ్రాయు విద్యార్థి రంగనాథరామాయణమునందలి ఆ ఘట్టమును ఒకమారైన విని యుండవలెను. కొనువాడు దూరదేశస్థుడైనచో అతని భాషలో ఒక కాగితమైనను పటముతో పంపవచ్చును. విదేశములందలి తెలుగుకుటుంబములకు ఆ కాగితము తెలుగుననే యుండవచ్చును. తెలుగింటి గోడపై తెలుగుపటము మూగదై యుండుటకు లోకవిపణిని నిందించి లాభము లేదు.

లోకవిపణి విడిచినదానిని స్వభాషీయులు గైకొనిరా, వారును విడిచిరా యనునదే తుదినిర్ణయమునకు కొలతబద్ద. పరదేశీయుడు బొమ్మను మాత్రమే కొనుట సహజము; అతనికి తెలుగు రాదు. తెలుగువాడును బొమ్మను మాత్రమే కొనుటకు అట్టి సమాధానము లేదు. నది నిండుగా పారిన దినములందు పటమును ఉతికి యిసుకపై ఆరవేసినపుడు ముందుగా తేలినవి నల్లని గీతలు. ఆ గీతలలో కొన్ని కన్నులైనవి, కొన్ని అక్షరములైనవి. కన్నులను కొనువారు దేశదేశములందు దొరకిరి. అక్షరములను చదువువారు స్వదేశమున దొరకినచో ‘వ్రాతపని’ యను పేరు పూర్ణార్థముతో నిలుచును. దొరకనియెడల పారసీకపు పేరే మిగులును, పనిముట్టును మాత్రమే చెప్పుచు.